మామా కబీరాకు నేను చదివి చెప్పిన దేశాలు

వేడి ఇస్త్రీపెట్టె కింద తడిపిన నూలుబట్ట నుంచి లేచే ఆవిరి వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నాకు గుండె జారినట్టవుతుంది. పోయిన చలికాలం మా చెల్లెలు సుధ దగ్గరికి ఖతర్ వెళ్ళాను. అది దోహా శివారు మెసైమీర్‌లో ఉంటుంది, ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఒక శుక్రవారం పొద్దున్నే "అక్కా, మన పాత ఇల్లు చూద్దువుగాని రా" అని కారెక్కించి ముఐథర్ తీసుకెళ్ళింది. ఇల్లు లేదు. సున్నం కొట్టిన పొడవాటి ప్రహరీ లేదు, దాని మీంచి రోడ్డు వైపు వంగి ఉండే రేగుచెట్టూ లేదు. ఆ చోట మూడంతస్తుల అద్దాల కట్టడం, దాని కింద ఒక లాండ్రీ. ఎవరో తలుపు తెరిచారు, లోపలి ఆవిరి బయటికొచ్చింది. నేను కారు దిగలేదు. "ఏంటక్కా, దిగవేంటి?" అంది సుధ. అదంతా జరిగిన ఏడు దానికి నాలుగేళ్ళు, అప్పటిదేమీ గుర్తులేదు. నాకు పదమూడు. కారులో ఏసీ పడలేదని చెప్పి తప్పించుకున్నాను. దానికి చెప్పలేనిది ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. నాన్న పేరు యేసురత్నం. టైపూ షార్ట్‌హ్యాండూ నేర్చుకుని, ఎన్నో ప్రయత్నాలు చేశాక, దోహాలో నాసిర్ అనే ఖతరీ ఆసామి దగ్గర ఇంగ్లీషు ఉత్తరాలు టైపు చేసే ఉద్యోగం సంపాదించుకున్నారు. పనివాళ్ళంతా ఆయన్ని అర్బాబ్ అనేవాళ్ళు, యజమాని అన్నమాట. అర్బాబ్ తన ఆవరణలోనే ఓ మూల రెండు గదుల ఇల్లు మాకిచ్చాడు. అమ్మా, నేనూ, చెల్లీ వెళ్ళి అందులో చేరాం. అంత మంచి మనిషి దగ్గర నాన్నకు ఎందుకంత భయమో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. మా పాస్‌పోర్టులు నాలుగూ అర్బాబ్ ఉండే పెద్దింట్లో బీరువాలో ఉండేవి. చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేస్తేగాని నాన్న డ్యూటీకి వెళ్ళేవారు కాదు. బూట్లు గుమ్మం బయట ఒకదాని పక్కన ఒకటి గీత గీసినట్టు పెట్టేవారు. ఇంట్లో కూడా గొంతు తగ్గించి మాట్లాడేవారు. "ఏవండీ, మన తెలుగు ఇక్కడెవరికి తెలుస్తుందండీ?" అని అమ్మ నవ్వేది. "గోడలకి తెలుగు రాదనుకోకు" అనేవారు నాన్న, నవ్వకుండా. ఆదివారం ప్రార్థన కూడా మేం తలుపులేసుకుని, పాట పైకి రాకుండా పెదవులతోనే పాడుకునేవాళ్ళం. అమ్మ మాత్రం ఏ భయం లేనట్టు కిటికీ దగ్గర కూర్చుని లేసు అల్లుకునేది. మా ఊళ్ళో ఆడవాళ్ళందరికీ అది ఊపిరి పీల్చినంత మామూలు పని. కొక్కెం సూది, తెల్ల దారం, పొయ్యి మీద చింతకాయ వేసిన చేపల పులుసు, ఆ దారంలో పట్టిన పులుసు వాసన. నా చిన్నతనంలో ఇల్లు అంటే అదే.

ప్రహరీకి అవతల పొడవాటి రేకుల షెడ్డు. అందులో ఇరవై కుట్టుమిషన్లు. అర్బాబ్ వ్యాపారం అదే. ఖతరీలు వేసుకునే పాదాల దాకా వచ్చే తెల్లటి నిలువు చొక్కాలు, తోబులు, కొలతలు తీసుకుని కుట్టించి అమ్మడం. పొద్దున ఏడింటికి మొదలై మిషన్ల చప్పుడు గోడలోంచి మా మంచాల్లోకి, కంచాల్లోకి వచ్చేది. మొదటి వారం తలనొప్పి పుట్టింది. తర్వాత ఆ చప్పుడు ఆగితేనే ఏదో తప్పు జరిగినట్టు తలెత్తి చూసేవాళ్ళం. కటింగ్ మాస్టరు సిరాజ్ సాబ్‌ది ఢాకా. గడ్డానికి గోరింటాకు పెట్టుకుని, మెడలో టేపు వేసుకుని, ఎవరి మీదా కేక వేయకుండా ఇరవై మందినీ నడిపించేవాడు. ఆ ఇరవై మందిలో తెలుగువాడు ఒక్కడే, ప్రొద్దుటూరు ఖాదర్. మొదటిరోజే మా గుమ్మంలో నిలబడి "మీరు తెలుగోల్లంట గదా సార్, మూన్నెల్లాయ మన మాట ఇనక" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచీ నాకు ఖాదర్ మావయ్య. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు అమ్మ అల్లే లేసు చేతిలోకి తీసుకుని చూసేవాడు. "ఇది మిసనుకు రాదక్కా. మిసను ఎంతసేపున్నా ఒకే మాదిరి పోతాది. మనిసి చెయ్యి ఊపిరి తీసుకుంటాది" అనేవాడు. కాలరు కుట్టడంలో షెడ్డు మొత్తంలో అతన్ని మించినవాడు లేడని సిరాజ్ సాబే చెప్పేవాడు.

ఇంక మామా కబీరా. పెద్దమ్మ అని అర్థం. అర్బాబ్ తల్లి. ఆ ఇంట్లో పనివాళ్ళూ, మేమూ అందరం అలాగే పిలిచేవాళ్ళం. ఎప్పుడో భర్త పోతే ఒక చేతిమిషను తెచ్చుకుని ఇరుగుపొరుగు వాళ్ళకి కుట్టిపెట్టి కొడుకును పెంచింది. షెడ్డు ఆ చేతిమిషను లోంచి పుట్టిందే. అందుకే అర్బాబ్ ఎంత పెద్దవాడైనా ఆమెను అడగకుండా షెడ్డులో ఒక మేకు కొట్టేవాడు కాదు. నేను చూసేనాటికి ఆమె కళ్ళకు పొర కమ్మింది. ఆపరేషనంటే ఒప్పుకునేది కాదు. ఆమె గది తలుపు తీస్తే సాంబ్రాణి లాంటి పొగ, ఏలకులు వేసి కాచిన కాఫీ, ఎండిన నిమ్మకాయల పులుపు, మూడూ కలిసిన వాసన వచ్చేది. ఇంకో వాసన కూడా ఉండేది, గోనెసంచుల వాసన. మంచం కింద బియ్యం బస్తాలు, గోడ వారన ఖర్జూరం డబ్బాలు, ఎండుచేపల మూటలు. ఆ ఇంట్లో రెండు ఫ్రిజ్‌లున్నాయి, రోజూ సగం అన్నం పారబోసేవాళ్ళు. అయినా ఆమె గదిలో తిండి దాచుకునేది. కోడళ్ళు విసుక్కునేవాళ్ళు. నాకు మాత్రం చెప్పింది ఎందుకో.

ఆమె తండ్రి ముత్యాల పడవ మీంచి సముద్రంలోకి మునక వేసేవాడు. వేసవి వస్తే ఊళ్ళో మగవాళ్ళంతా సముద్రం మీదే. వాళ్ళు తెచ్చిన ముత్యాలు బొంబాయి వెళ్ళేవి, బొంబాయి నుంచి బియ్యం, టేకు, గుడ్డ వచ్చేవి. ఒక ఏడు పడవలు తిరిగొచ్చాయి, ముత్యాలు కొనే షావుకారు రాలేదు. మరుసటేడూ రాలేదు. ఎక్కడో జపాన్‌లో ముత్యాలను చేపల్లా పెంచుతున్నారని ఎవరో చెప్పారు. జపాన్ అంటే ఏ దిక్కున ఉంటుందో ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. "మాకు తెలియని ఊళ్ళో ఎవరో ఏదో చేశారు. మా పొయ్యిలో నిప్పు ఆరిపోయింది" అంది, నాతో మాట్లాడే అరబీ హిందీ కలగలుపులో. పడవను కొట్టి వంటచెరుకు చేసుకున్నారు. ఖర్జూరం గింజలు దంచుకుని తిన్నారు. ఆమె చెల్లెళ్ళు ఇద్దరు ఆ చలికాలం దాటలేదు. అది చెప్పేటప్పుడు ఆమె గొంతు పెద్దావిడ గొంతులా ఉండేది కాదు. నా వయసు పిల్ల గొంతులా ఉండేది. తర్వాత నేల కింద చమురు దొరికింది, ఇళ్ళొచ్చాయి, కార్లొచ్చాయి. ఆమె మాత్రం ఆ చలికాలం ఇంకా గేటు బయట నిలబడి ఉందనే అనుకునేది.

బడి నుంచి రాగానే ఆమె దగ్గరికి వెళ్ళడం నాకు అలవాటైంది. నా పేరు ఆమె నాలుకకు తిరగక సారా అని పిలిచేది. నేను ఇంగ్లీషు చదవగలనని తెలిశాక ఒకరోజు నమాజు చాప నా ఒళ్ళో పెట్టి "హాదా మిన్ వేన్?" అంది. ఇదెక్కడిది అని. వెనక్కి తిప్పి అంచుకు కుట్టిన చీటీ చదివాను. బెల్జియం. ఆమెకు అర్థం కాలేదు. నసారాల దేశం, అంటే మావాళ్ళ మతం వాళ్ళ దేశం, మంచు పడుతుంది అని నాకు తోచినట్టు చెప్పాను. ఆమె చాప తీసుకుని చాలాసేపు తడుముతూ కూర్చుంది. తన పెళ్ళినాటి చాప ఇరాన్ నుంచి పడవలో వచ్చిందట. ఆ రోజు నుంచీ అదొక పని అయింది. గదిలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే నా చేతికిచ్చేది. జపమాల తైవాన్‌ది. రంజాను లాంతరు కైరో నుంచి వచ్చేదట, ఇప్పుడు అడుగున చైనా అని అచ్చు. తలకు చుట్టుకునే నల్ల ముసుగు ఒకప్పుడు డమాస్కస్‌ది, ఇప్పుడు కొరియాది. డమాస్కస్ వాళ్ళ మగ్గాలేమయ్యాయి, లాంతర్లు చేసే కైరో కంచర్లు ఏం తింటున్నారు అని తనలో తాను అనుకునేది. నాకు ఏం తెలుస్తుంది? పదమూడేళ్ళ పిల్లను, అంచులు చదివేదాన్ని.

ఒక సాయంత్రం కొడుక్కి కుట్టబోయే తోబు గుడ్డ తాను ఒకటి షెడ్డు నుంచి తెప్పించింది. తెల్లగా, మెత్తగా, వేళ్ళ మధ్య నీళ్ళలా జారే గుడ్డ. అంచున బంగారు రంగులో అచ్చు. నేను ఆలోచించకుండా "జపాన్" అన్నాను. ఆమె చేతిలోని గుడ్డ కింద పడింది. మంచం పట్టె పట్టుకుని వంగి, కింద బస్తాలు ఉన్నాయో లేవో చేత్తో తడిమి చూసుకుంది. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ మొదటి నుంచి. నేను పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి అమ్మ కొంగులో తల పెట్టాను. పెద్దవాళ్ళు అంతలా భయపడగలరని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ భయం నా నోటిలోంచి వచ్చిన ఒక్క మాట వల్ల పుట్టింది.

మర్నాటి నుంచి అబద్ధాలు మొదలుపెట్టాను. దుప్పటి చైనాది అయితే సిరియా అన్నాను. గ్లాసులు థాయిలాండ్‌వి అయితే టర్కీ అన్నాను. మా భూగోళం పుస్తకంలో పటం తెరిచి ముస్లిం దేశాల పేర్లు వరసగా నేర్చుకుని, ఒకరోజు చెప్పింది ఇంకోరోజు చెప్పకుండా జాగ్రత్తపడ్డాను. ఆమె ముఖం తేటపడేది. "మొరాకోనా! అల్‌హమ్‌దులిల్లా, ఇంకా చేస్తున్నారన్నమాట" అని నా బుగ్గ తడిమి ఖర్జూరం చేతిలో పెట్టేది. నేనేదో మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను. రాత్రి ప్రార్థనలో దేవుడికి చెప్పుకోవాలని మాత్రం ఎందుకో అనిపించలేదు.

అదే రోజుల్లో మా ఇంట్లో ఇంకో భయం మొదలైంది. చమురు ధర పడిపోయిందని పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఉత్తరాన సముద్రం కింది గ్యాసు కోసం పరదేశీ కంపెనీలు వచ్చాయని, కొత్త హోటళ్ళు లేస్తున్నాయని, ఇంకోవైపు సూకులో, అంటే బజారులో, పాత దుకాణాలు తలుపులు తీయడం మానేస్తున్నాయని. నాన్న టైపు చేసే ఉత్తరాల్లో కొత్త మాటలు వచ్చాయి. ఏజెన్సీ, కంటైనర్, సుంకం తగ్గింపు. అన్నం తింటూ అమ్మతో అన్నారు: "ప్రపంచమంతా ఒకే బజారు అయిపోతోందంట. ఎక్కడ చవగ్గా చేస్తే అక్కడి సరుకే అందరూ కొంటారంట." అమ్మ "మంచిదేగా?" అంది. నాన్న కంచం పక్కకు జరిపారు. ఆ నెలలో షెడ్డులో మిషన్లు ఇరవై నుంచి పదహారయ్యాయి. నేను చప్పుడును బట్టే పోల్చుకున్నాను. కుట్టి మడిచిపెట్టిన రెడీమేడ్ తోబులు సంచుల్లో పెట్టి సూకులో గుట్టలుగా పోస్తున్నారని ఖాదర్ మావయ్య చెప్పాడు. "కాలరు సూస్తే ఏడుపొస్తాది పాపా. అయినా జనం కొంటాండారు" అన్నాడు. సిరాజ్ సాబ్ మాత్రం తన దేశంలో కుట్టు ఫ్యాక్టరీలు వరసగా లేస్తున్నాయని, తన చెల్లెళ్ళిద్దరూ పనికి వెళ్తున్నారని, విదేశీయుల చొక్కాలు కుడుతున్నారని సంబరంగా చెప్పేవాడు. సంబరం అయ్యాక కత్తెర నూరుకుంటూ కూర్చునేవాడు.

ఆ గురువారం నేను మామా కబీరా కాళ్ళ దగ్గర కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్నాను. పొద్దు వాలాక చేసే అసర్ నమాజు అయింది. అర్బాబ్ గదిలోకి వచ్చాడు. నేను లేవబోతే కూర్చోమని చేయి ఊపాడు. తల్లి నుదురు ముద్దుపెట్టుకుని, ప్లాస్టిక్ సంచిలోంచి ఒక తోబు తీసి ఆమె ఒళ్ళో పరిచాడు. "చూడు యుమ్మా, కుట్టిందే వస్తుంది. మనం గుడ్డ కొనక్కర్లేదు, మిషను నడపక్కర్లేదు" అంటూ అరబీలో ఇంకా ఏదో చెప్పాడు. వేగంగా మాట్లాడాడు గనుక సగమే అర్థమైంది. ఆయన మాటలో బతిమాలుకోవడం ఉంది. అంత పెద్దమనిషి గొంతులో అది వినడం నాకు ఇబ్బందిగా అనిపించి పుస్తకంలోకి తల వంచుకున్నాను. ఆమె గుడ్డ తడిమింది. కాలరు దగ్గర ఆగింది. వేలి కొసతో కుట్టు వెంబడే చివరి దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. తర్వాత దాన్ని నా వైపు చాచింది.

"సారా, హాదా మిన్ వేన్?"

మెడ లోపల చిన్న చీటీ. చైనా అని స్పష్టంగా ఉంది. తలెత్తితే అర్బాబ్ నన్నే చూస్తున్నాడు. ఆయనకు ఇంగ్లీషు వచ్చు. ఆ చీటీ ఆయన చదివే ఉంటాడు. జపాన్ అన్నరోజు ఆమె కింద పడేసిన గుడ్డ గుర్తొచ్చింది, బస్తాలు తడుముకున్న చెయ్యి గుర్తొచ్చింది. అలవాటైన దారినే నాలుక వెళ్ళింది.

"బంగ్లాదేశ్" అన్నాను.

అర్బాబ్ కళ్ళు నా మీంచి కదల్లేదు. ఇప్పుడు కాదంటాడు, ఇప్పుడు నా అబద్ధాలన్నీ బయటపడతాయి, నాన్నను పిలుస్తారు, బీరువా తెరుస్తారు అనుకున్నాను. ఆయన చూపు మెల్లగా నేల మీదికి దించుకున్నాడు. "బంగ్లాదేశా?" అని ఆమె ఇంకోసారి అడిగింది. నేను తలూపాను, ఆమెకు కనబడదని గుర్తొచ్చి "అవును మామా" అన్నాను. "మన సిరాజ్ వాళ్ళ ఊరు. అయితే మనవాళ్ళ చేతులే" అంది. కొంచెం ఆగి కొడుకు వైపు తిరిగి, "మనవాళ్ళ చేతుల్లో పని ఉంటుందంటే సరే. నీ ఇష్టం నాయనా" అంది. అర్బాబ్ ఆమె చేయి ముద్దుపెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె వేళ్ళు మాత్రం ఆ కాలరు మీదే చాలాసేపు ఉన్నాయి. అమ్మ లేసును తడిమి ఏ ముడి వదులో చెప్పగలిగిన వేళ్ళు అవి. ఆ గుడ్డలో ఏం తెలుసుకున్నాయో, తెలిసీ ఎందుకు సరేనన్నదో ఈనాటికీ నాకు తెలియదు.

మర్నాడు పెద్దింటి నుంచి మాకు ఒక పెద్ద చాక్లెట్ డబ్బా వచ్చింది. "సారా కోసం" అని డ్రైవరు చెప్పి వెళ్ళాడు. నాన్న డబ్బాను బల్ల మీద పెట్టి, దానికి దూరంగా నిలబడ్డారు. "ఎందుకు పంపారు? ఏం చేశావు తల్లీ?" అని అడిగారు. కోపంగా కాదు, జ్వరం వచ్చిన మనిషిలా. చెప్పాను. మొదటి నుంచీ, జపాన్ దగ్గర నుంచీ అంతా చెప్పాను. నాన్న వెళ్ళి తలుపు గడియ వేసి వచ్చారు. రెడీమేడ్ తోబులు తెప్పించే ఏజెన్సీ ఉత్తరం ఆయన టైపు చేసి పది రోజులైందట. తల్లి మాట కోసం అర్బాబ్ సంతకం పెట్టకుండా ఆపాడట. సరుకు చైనాదని నాన్నకు ముందే తెలుసు. సంతకం అయితే షెడ్డు మూసేస్తారని కూడా తెలుసు. "అయితే నేను వెళ్ళి మామాకు నిజం చెప్పేస్తాను నాన్నా" అని లేచాను. నాన్న నా రెండు భుజాలూ పట్టుకున్నారు. "వద్దమ్మా. ఎవరికీ చెప్పకు. ఖాదర్‌కి అసలు చెప్పకు. ఆయన అబద్ధం ఒప్పుకున్నాడు, అర్థమవుతుందా? ఇప్పుడు మనం బయటపెడితే ఆయన్ని తల్లి ముందు దొంగను చేసినట్టే. ఎల్లుండి మనం విమానంలో ఉంటాం." అమ్మ లేసు పక్కన పెట్టి, సుధను ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది. ఆ డబ్బా ఎవరం తెరవలేదు.

శనివారం మిషన్లు నడిచాయి. ఆదివారం అక్కడ సెలవు కాదు, నేను బడికి తయారవుతుంటే చప్పుడు లేదు. పెదవులతో పాడే పాట కూడా ఆ పొద్దున అమ్మ పాడలేదు. సాయంత్రం మామా కబీరా నుంచి పిలుపొచ్చింది. వెళ్ళకపోతే అనుమానం వస్తుందని నాన్న వెళ్ళమన్నారు. ఆమె మంచం మీద నిటారుగా కూర్చుని, గోడ వైపు చెవి పెట్టి వింటోంది. "సారా, ఈరోజు శుక్రవారమా?" అంది. శుక్రవారం ఒక్కరోజే షెడ్డుకు సెలవు. నేను ఏం చెప్పాలి? గుమ్మం దగ్గర కోడలు నిలబడి ఉంది. "అవును మామా" అన్నాను. ఆమె "ఊఁ" అంది. ఆ తర్వాత ఎప్పుడూ నా చేతికి ఏ వస్తువూ ఇవ్వలేదు, ఎక్కడిదని అడగలేదు. కాఫీ పోసేది, చెయ్యి నిమిరేది. నేను పక్కన ఉండగానే బస్తాల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయేది.

పనివాళ్ళను వారంలో పంపించేశారు. వ్యాన్ వచ్చిన రోజు ఖాదర్ మావయ్య తన కత్తెరను గుడ్డలో చుట్టి, పెట్టెలో అడుగున పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. అమ్మ అన్నం తినమంటే "వద్దులే అక్కా, గొంతు దిగదు" అన్నాడు. నాన్న అతని ముఖంలోకి చూడలేక బూట్లు సర్దుతూ ఉండిపోయారు. "పాపా, బాగా సదువుకో. సదువుకున్నోల్లను ఏ మిసనూ ఏం చేయలేదు" అని నా తల మీద చెయ్యిపెట్టాడు. ఆ చెయ్యి బరువు నేను తట్టుకోలేకపోయాను. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. నాన్న నా వైపు చూశారు. సిరాజ్ సాబ్ వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చుని, మెడలో టేపు తీయడం మర్చిపోయి, అలాగే వెళ్ళిపోయాడు. షెడ్డులో తర్వాత ప్లాస్టిక్ సంచుల పెట్టెలు పేర్చారు. ఇద్దరు మనుషులు ముడతలు పోయేదాకా ఆ తోబులకు ఆవిరి ఇస్త్రీ చేసి దుకాణాలకు పంపేవాళ్ళు. రోజంతా ఆ వాసనే. మిషన్ల చప్పుడు ఉన్న చోటంతా ఆ వాసన ఆక్రమించుకుంది. ఇంకో ఏడాదికి మామా కబీరా నిద్రలోనే పోయింది. ఆ తర్వాత రెండేళ్ళకు ఇంగ్లీషు ఉత్తరాలు కంప్యూటర్‌లో తామే రాసుకుంటున్నామని చెప్పి, మర్యాదగా మా పాస్‌పోర్టులు మా చేతికిచ్చారు.

మా ఊరొచ్చేసరికి లేసు షావుకార్లు ఇల్లిల్లూ తిరగడం మానేశారు. మిషను లేసు వస్తోందట, కొనేవాళ్ళకు తేడా తెలియడం లేదట. అది ఎక్కడి నుంచి వస్తోందో అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు సుధ ఉండే దోహా వేరే ఊరు. సముద్రం ఒడ్డున అద్దాల గోపురాలు. పనివాళ్ళ బసలుండే బర్వా అల్ బరాహా నుంచి వందలమంది పనివాళ్ళతో బస్సులు బయలుదేరుతుంటే ఆ కిటికీల్లో నిద్రచాలని ముఖాలు చూశాను. ఢాకా ముఖాలు, కడప ముఖాలు, ఎక్కడివో పోల్చుకోలేని ముఖాలు. గ్యాసు వల్ల ఖతర్ గట్టెక్కింది, అది నిజం. అర్బాబ్ మనవలు బాగా ఉన్నారని సుధ చెప్పింది. గ్యాసు లేని ఊళ్ళ సంగతి, డమాస్కస్ మగ్గాల సంగతి, కైరో కంచర్ల సంగతి మామా కబీరా తప్ప ఎవరూ నన్ను అడగలేదు. అప్పట్లో మాకు భయం వేస్తే ఫలానా మనిషికి భయపడుతున్నామని తెలిసేది. బీరువా తాళం ఎవరి దగ్గరుందో తెలిసేది. ఇప్పుడు మా వీధిలో కొట్టు మూసేసిన మనిషిని ఎవరు మూయించారని అడిగితే అతను ఆకాశం వైపు చూస్తాడు. నేను కాలేజీలో పాఠం చెప్పి జీతం తీసుకుంటున్న మనిషిని, నాకేం భయం అనుకుంటాను. అయినా మా ఇంట్లో బియ్యం డబ్బా సగానికి దిగితే నిద్రపట్టదు.

ఖతర్ నుంచి వచ్చాక ఇంక ఉండలేకపోయాను. ప్రొద్దుటూరు వెళ్ళి టైలర్లు ఉండే సందులన్నీ తిరిగి ఖాదర్ మావయ్య ఇల్లు పట్టుకున్నాను. డెబ్బై దాటాడు. వీధి గదిలో మిషను పెట్టుకుని రెడీమేడ్ ప్యాంట్లకు కాళ్ళు మడిచి కుడుతున్నాడు. పేరు చెబితే కళ్ళద్దాలు తీసి చూసి, "లేసక్క కూతురువా! యేసురత్నం సార్ పాపవా!" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. భార్య మహబూబీ టీ పెట్టింది. చాలాసేపు మామూలు మాటలే మాట్లాడుకున్నాం. చివరికి చెప్పాను. చీటీ మీద ఏముందో, నేనేం చదివానో, అర్బాబ్ ఎలా చూశాడో. చెబుతున్నంతసేపూ అతను మిషను చక్రం మీద అరచెయ్యి పెట్టి కదలకుండా విన్నాడు. తర్వాత నవ్వాడు. నిజమైన నవ్వే.

"పిచ్చిపిల్లా! ఇన్నేండ్లు ఇది మోస్తాండావా? నువ్వు చైనా అనింటే మాత్రం ఏమయ్యేది? ఆ పెద్దమ్మ వద్దనేది. అర్బాబ్ ఇంగో ఆర్నెల్లు ఈడ్సేటోడు. ఆ మీన మూసేటోడే. వాల్లంత పెద్దోల్లే నిలబడలేని గాలిలో నీ మాట ఎంత పాపా?"

నాకు ఒళ్ళు తేలికైనట్టే అనిపించింది. టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాను. లోపల పొయ్యి దగ్గరి నుంచి మహబూబీ గొంతు వినబడింది, నాతో కాదు, ఎవరితోనూ కాదు అన్నట్టు.

"ఆర్నెల్లు సాలుండె. మా పెద్దోని సదువు ఆఖరు పరీచ్చ ఆ ఎండాకాలమే. వానికి పోవాలనే ఇష్టం లేకపాయ. నాయన వచ్చేసినాడని పరీచ్చ ఇడిసి కువైట్ పోయినాడు. ఆ పోడం పోడమే."

"నువ్వూరుకో" అన్నాడు ఖాదర్ మావయ్య.

అతను కళ్ళద్దాలు పెట్టుకుని, తల వంచి, ప్యాంటు కాలు మిషను కిందికి జరిపాడు. పెద్దవాడు ఇప్పుడు ఎక్కడున్నాడని అడగడానికి నేను నోరు తెరిచాను. గోడ మీద నాలుగు ఫోటోలున్నాయి. వాటి వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. అడగలేదు.